చేదుకో కోటయ్యా! – కొండ నడకలోని అంతరార్థము



కొండ యెక్కుటను గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పుకొనవలెనని సంకల్పించితిమి. పర్వతారోహణమనగానే హిమాలయములు, మంచు శిఖరములు, త్రాళ్ళు, గొడ్డళ్ళు మనస్సునకు తోచును. మేము చెప్పబోవునది ఆ సాహసము కాదు. పొలముల నడుమ లేచి నిలిచి, తెల్లవారుజామున బయలుదేరినవాడు ఎండ ముదురక మునుపే దిగి రాగల మన పల్లెటూరి కొండను గూర్చియే చెప్పబోవుచున్నాము. అది మరీ సులభమును కాదు, మరీ కఠినమును కాదు. మోకాళ్ళకు పని చెప్పును. ఊపిరిని పరీక్షించును. అయినను ఓపికగా నడచిన గృహస్థునకు అందకుండ పోవునది కాదు.

ఒకనాడు ప్రవచనము ముగిసిన పిదప ఒక యువకుడు మమ్ము సమీపించి యిట్లు ప్రశ్నించెను: "అయ్యా, కొండమీదికి చక్కని రోడ్డు వేసినారు. బండి మీద పది నిముషములలో గుడి ముందు దిగవచ్చును. అట్లుండగా మెట్లెక్కి చెమటోడ్చుట దేనికి? నడచినవానికి స్వామి ఎక్కువ పుణ్యమిచ్చి, బండిలో వచ్చినవానికి తక్కువ యిచ్చునా?" ఆనాడు "కష్టమునకు తగిన ఫలమున్నది నాయనా" అని క్లుప్తముగా చెప్పి పంపితిమి. ఆ సమాధానము అతనికి తృప్తి నిచ్చినదో లేదో గాని మాకు మాత్రము తృప్తి నీయలేదు. ప్రశ్న నిజాయితీ గలది. దానికి నిజాయితీ గల సమాధానమే చెప్పవలెను. ఆ సమాధానమును మేము వెదకుకొన్న చోటు కోటప్పకొండ.

క్షేత్ర పరిచయము

కోటప్పకొండ పల్నాడు జిల్లాలో నరసరావుపేటకు సుమారు 13 కిలోమీటర్ల దూరమున నున్నది. పూర్వము ఇది గుంటూరు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు ప్రత్యేక జిల్లాయై, నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనది. గుంటూరు నుండి గుంతకల్లు పోవు రైలు మార్గము నరసరావుపేట మీదుగానే పోవును. కావున దూర ప్రాంతముల వారికిని ఈ క్షేత్రము అందుబాటులోనే యున్నది.

దీనికి శాస్త్రీయమైన పేరు త్రికూటాద్రి. కూటమనగా శిఖరము. మూడు శిఖరములు గలది కావున త్రికూటము. అందు వెలసిన స్వామి త్రికూటేశ్వరుడు. జనుల నోట నాని ఆ పేరు త్రికోటేశ్వరుడై, కోటేశ్వరుడై, కడకు కోటయ్యయై, కోటప్పయై ఇంటి పెద్ద పేరు వలె చనువైనది. ఈ ప్రాంతమున కోటయ్య, కోటమ్మ, కోటేశ్వరరావు, కోటేశ్వరి అను పేర్లు లేని పల్లె అరుదు. పిల్లలు లేనివారు మ్రొక్కుకొనుటయు, పుట్టిన బిడ్డకు స్వామి పేరు పెట్టుకొనుటయు తరతరములుగా వచ్చుచున్న ఆచారము.

మూడు శిఖరములకును బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరములని పేర్లు. కొండను ఏ దిక్కు నుండి చూచినను ఈ మూడును కనబడునని ప్రసిద్ధి. రుద్ర శిఖరమున పాత కోటయ్య గుడి యున్నది. స్వామి మొదట వెలసిన తావు అదియే. విష్ణు శిఖరమున పాపనాశేశ్వరుడును తీర్థమును కలవు. నేడు భక్తులు దర్శించు ప్రధానాలయము బ్రహ్మ శిఖరమున నున్నది. శిఖరము 1,500 అడుగులకు పైబడిన ఎత్తు గలదనియు, ప్రధానాలయము సుమారు 600 అడుగుల ఎత్తున నున్నదనియు చెప్పుదురు. స్వామి మొదట ఒక శిఖరమున నుండి, పిదప వేరొక శిఖరమునకు వచ్చుటకు కారణమేమి? ఆ కారణములోనే మన యువకుని ప్రశ్నకు సమాధానమున్నది. దానిని కొంత సేపటికి చెప్పుకొందము.

సందడి గల కొండ, సద్దులేని కొండ

కోటప్పకొండ అనగానే చాలమందికి మహాశివరాత్రి తిరునాళ్ళు గుర్తునకు వచ్చును. మాఘ బహుళ చతుర్దశినాడు ఊరూర నుండి ప్రభలు కదలి వచ్చును. వెదుళ్ళతోను, కొయ్యలతోను కట్టి, రంగు గుడ్డలతోను, విద్యుద్దీపములతోను అలంకరించిన ఆ ప్రభలలో ఎనుబది అడుగులకు మించినవియు నుండును. లక్షలాది జనము, మేళతాళములు, హరహర మహాదేవ ఘోష! అది చూడవలసిన వైభవమే.

అయితే అదే కొండను మరియొక దినమున చూడుడు. పండుగ కాని, సెలవు కాని ఒక మామూలు మంగళవారము. తెల్లవారుజామున మెట్ల దారి మొదట నిలిచినచో ఆకుల సవ్వడియు, దూరమున ఎక్కడనో పశువుల మెడ గంటలును తప్ప వేరు శబ్దముండదు. స్థలపురాణము ప్రకారము దక్షయజ్ఞ ధ్వంసము తరువాత శివుడు దక్షిణామూర్తియై తపమాచరించిన చోటు ఇది. అందుచేతనే ఇచ్చట స్వామికి కల్యాణోత్సవము జరుపు ఆచారము లేదని పెద్దలు చెప్పుదురు. దక్షిణామూర్తి సనకాది మునులకు ఉపదేశించినది మాటలతో కాదు, మౌనముతో. మౌనమే బోధగా గల గురువు కొండకు సద్దులేని దినమున పోవుట ఎంత యుక్తమో మీరే యోచింపుడు. తిరునాళ్ళలో స్వామి వైభవమును చూతుము. మామూలు దినమున స్వామి మాట విందుము.

ఆనందవల్లి కథ

ఇప్పుడు స్థలపురాణములోని ప్రధాన కథను వినుడు. ఇందు పాఠభేదములు కలవు. సారము మాత్రము ఇది.

సుందుడను గొల్లవానికి ఆనందవల్లి యను కుమార్తె కలదు. ఆమెనే జనులు గొల్లభామ యని పిలుతురు. చిన్ననాటి నుండియు శివభక్తి గల ఆ బాలిక రుద్ర శిఖరమున జంగమదేవర రూపమున నున్న స్వామిని నిత్యమును సేవించుచుండెను. ఎండనక, వాననక, ముండ్లనక కొండ యెక్కును. అభిషేకమునకు నీరు, నైవేద్యమునకు పాలు తానే మోసుకొని పోవును. స్వామి ఆమె భక్తిని పరీక్షింపదలచి, తన మాయచే కన్నెయైన ఆమెను గర్భవతిని చేసెను. లోకము ఏమనుకొన్నదో మనము ఊహింపగలము. అయినను ఆమె సేవ మానలేదు. నెలలు నిండుచున్నను ఎక్కుచునే యుండెను. కడకు ఒకనాడు దేహము సహకరింపక, "స్వామీ! ఇక నేను ఎక్కలేను. దయయుంచి నీవే క్రిందికి రమ్ము. నీ సేవ మానక చేసికొందును" అని వేడుకొనెను.

స్వామి సమ్మతించెను. "నీవు ముందు నడువుము. నేను నీ వెనుకనే వచ్చెదను. ఇల్లు చేరు వరకు వెనుదిరిగి చూడకుము" అని నియమము పెట్టెను. ఆమె ముందు నడచెను. వెనుక స్వామి అడుగులు వేయగా కొండ దద్దరిల్లెను. ఱాళ్ళు పగిలినట్లు భయంకరమైన ధ్వని పుట్టెను. బ్రహ్మ శిఖరమునకు వచ్చునప్పటికి ఆమె ఉండబట్టలేక వెనుదిరిగి చూచెను. నియమము తప్పుటచే స్వామి అచ్చటనే నిలిచి, గుహలో ప్రవేశించి లింగరూపుడయ్యెను. ఆమెయు ప్రసవించి, ఆ శిశువు స్వామి మాయయేనని తెలిసికొని, శివైక్యము నొందెను. నాటి నుండి స్వామి బ్రహ్మ శిఖరమున పూజలందుకొనుచున్నాడు. మెట్ల దారిలో నడచువారికి గొల్లభామ గుడి దర్శనమిచ్చును.

ఈ కథలో మొదట మనము గమనింపవలసిన దొకటి కలదు. ఈ క్షేత్రము ఇక్కడ ఏర్పడుటకు కారణము కొండ యెక్కగలిగిన వారి బలము కాదు. ఎక్కలేకపోయిన ఒక స్త్రీ ప్రార్థన! ఆమె "ఎక్కలేను" అన్నందుననే స్వామి ఒక శిఖరము విడిచి మరియొక శిఖరమునకు దిగి వచ్చెను. కావున బండిలో వచ్చు వృద్ధుని చూచి, రోగిని చూచి, పసిబిడ్డను ఎత్తుకొన్న తల్లిని చూచి "వీరికి పుణ్యము తక్కువ" అని ఎవడైన తలచినచో వాడు ఈ కొండ కథనే మరచినవాడు. అయితే ఆమె "ఎక్కలేను" అన్నది మొదటి దినమున కాదు. దేహము మోయగలిగినన్నాళ్ళు మోసి, ఇక మోయలేని దినమున అన్నది. ఓపిక యున్నవాడు నడువవలెను. ఓపిక లేనివాడు సంకోచింపక అడుగవలెను. రెండును భక్తియే.

"చేదుకో" అను మాటకు అర్థము

ఈ కొండకు వచ్చు జనుల నోట ఒక కేక తరతరములుగా వినబడుచున్నది. "చేదుకో కోటయ్యా, చేదుకో!" అని పిలుతురు. చదువుకొన్నవారు కొందరు దీనిని విని "ఆదుకో" అనుటకు మారుగా అనుచున్నారని తలతురు. అది సరి కాదు. చేదుట యనగా నూతిలోని నీటిని త్రాటితో పైకి లాగుట. ఆ పనికి వాడు పాత్ర చేద. పల్నాడు మెట్ట ప్రాంతము. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగి, తరువాతి కాలమున కుడికాలువ నీరు వచ్చువరకు ఇచ్చటి పల్లెలకు వానయు, చెరువును, లోతైన నూతులునే ఆధారము. తెల్లవారి లేచి నీటిని చేదుకొన్నగాని పొయ్యి వెలుగని ఇండ్లలో పుట్టిన ప్రార్థన ఇది యని మాకు తోచును. తన్ను తాను నూతి అడుగున నున్న చేదగా భావించుకొని, పైనున్న స్వామిని "త్రాడు లాగుము" అని పిలుచుట!

ఇచ్చట ఒక సందేహము కలుగును. మన కాళ్ళతో మనమే ఎక్కుచు, "నన్ను పైకి లాగుము" అనుటలో అర్థమేమి? ఎక్కువాడు మనమా, లాగువాడు ఆయనా? మన పెద్దలు ఇట్టి విచారణలో రెండు న్యాయములు చెప్పిరి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొనును. అది మర్కటకిశోర న్యాయము. పిల్లిపిల్లకు పట్టుకొను పని లేదు, తల్లియే నోట కరచుకొని పోవును. అది మార్జాలకిశోర న్యాయము. ఆనందవల్లి ఓపిక యున్నన్నాళ్ళు కోతిపిల్లయై పట్టుకొన్నది. ఓపిక తీరిన నాడు పిల్లిపిల్లయై మొర పెట్టుకొన్నది. కొండ నడచువానికి ఈ రెండును ఒకే ఉదయమున అనుభవమునకు వచ్చును. మొదటి నూరు మెట్లు మన బలముతో ఎక్కుచున్నామనియే యుండును. ఊపిరి బరువెక్కి, మోకాలు వణకి, ఇక చాలుననిపించిన తరువాత వేసిన అడుగు ఎవరిదో మనకే తెలియదు. పుస్తకములో చదివినచో ఇది వాదముగా నుండును. మెట్టుమీద నిలిచినచో అనుభవముగా నుండును. నడచి యెక్కుటకు మొదటి ప్రయోజనము ఇదియే.

పంచాక్షరితో నడక

ఇక నడచు విధానము. కొండ దిగువన నిలిచి ముందుగా విఘ్నేశ్వరుని తలచి, మొదటి మెట్టునకు నమస్కరింపుడు. తొందరపడి ఎక్కుట మొదలిడకుడు. చాలమంది చేయు పొరపాటు మొదటి పావుగంటలోనే యున్నది. చల్లని గాలి, క్రొత్త ఉత్సాహము, తోటివారితో పోటీ – ఈ మూడును కలిసి పరుగెత్తించును. గుండెకును ఊపిరితిత్తులకును శ్రమకు అలవాటు పడుటకు కొంత వ్యవధి కావలెను. దానిని ఈయనివాడు సగము దారిలోనే కూలబడును.

వేగమునకు ఒక చక్కని కొలత కలదు. నమశ్శివాయ యను పంచాక్షరి యజుర్వేదమున శ్రీరుద్రము ఎనిమిదవ అనువాకమున నున్నది. ఆ ఐదక్షరములకు ఐదడుగులు వేయుచు, పైకి వినబడునట్లు జపించుచు నడువుడు. మంత్రము తెగకుండ పలుకగలిగినచో మీ వేగము సరియైనది. మధ్యలో ఊపిరి కొరకు ఆగవలసి వచ్చినచో వేగము ఎక్కువైనదని యర్థము. తగ్గింపుడు. మాటలాడుచు నడువగలిగినంత వేగమే ఆరోగ్యమునకు హితమని నేటి వైద్యులును చెప్పుచున్నారు. జపము చేయువానికి ఆ కొలత తన నాలుక మీదనే యున్నది. నామము తెగిన చోట ఆగుట, నామము నిలిచిన పిదప సాగుట – ఈ ఒక్క నియమము పాటించినవాడు అలసిపోవుట అరుదు.

సగము దారి చేరునప్పటికి క్రింద మిగిలిన లోకము చిన్నదగును. పొలముల గట్లు గీతలవలె, ఊళ్ళు బొమ్మరిండ్లవలె కనబడును. నిన్న రాత్రి నిద్ర పట్టనీయని గట్టు తగాదా యొకటి ఆ గీతలలో ఎక్కడనో యున్నది. దానిని వెదకి చూడుడు, కనబడదు. ఇంటికి పోయిన తరువాత అది మరల పెద్దదగును, నిజమే. కాని ఒకసారి దాని అసలు పరిమాణము చూచినవాడు మరుసటి పర్యాయము అంత గట్టిగా అరవడు.

మా పొరపాటు

ఇక మా అనుభవమొకటి చెప్పవలెను. చెప్పుకొనుటకు గర్వపడదగినది కాదు. అయినను మరియొకరికి పాఠమగునేమో యని చెప్పుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట కార్తిక మాసమున ఒక పనిదినమున మేము ఏడుగురము నడకదారిన బయలుదేరితిమి. మాలో ఒకరు ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, అందరికంటె పెద్దవారు. మిగిలిన వారమందరమును కాళ్ళలో బలమున్న వయస్సు వారము. "మీరు మెల్లగా రండి మాస్టారూ, మేము పైన ఎదురుచూచుచుందుము" అని చెప్పి ముందుకు సాగితిమి. దారిలో ఆనందవల్లి కథ చెప్పుకొనుచు, "వెనుదిరిగి చూడరాదు" అని ఒకరినొకరము హాస్యమాడుకొనుచు ఎక్కితిమి. ఎవరమును వెనుకకు చూడలేదు.

పైకి చేరి అరగంట గడచినను మాస్టారు రాలేదు. అప్పుడు గుర్తునకు వచ్చినది – మంచినీళ్ళ సీసాలన్నియు మా సంచిలోనే యున్నవి! పరుగున దిగితిమి. సగము దారిలో ఒక చెట్టు నీడన వారు గోడకు చేరగిలబడి యుండిరి. ముఖము పాలిపోయి, చొక్కా చెమటతో తడిసిపోయి యుండెను. ప్రక్కన మేకలు కాచుకొను ఒక ముసలమ్మ తన చెంబులోని మజ్జిగ త్రాగించి, కొంగుతో విసరుచుండెను. మమ్ము చూచి ఆమె అన్న మాట ఇప్పటికిని మా చెవులలో నున్నది: "పెద్దాయన్ని ఇట్టా ఒదిలేసి పోతారా బాబూ? కొండ యాడికి పోద్ది?"

మేము తలవంచుకొంటిమి. ఆనాడు పైకి మరల ఎక్కలేదు. వారిని మెల్లగా దించి, వైద్యుని వద్దకు కొనిపోగా గుండెకు సంబంధించిన దోషమున్నట్లు తెలిసినది. సకాలమున తెలియుటచే చికిత్స జరిగి వారు కోలుకొనిరి. మరుసటి సంవత్సరము మేము నడచియు, వారు రోడ్డు మార్గమునను వచ్చితిమి. మేము చేరునప్పటికి వారు గుడి ముందు కూర్చుండి, "ఇంత ఆలస్యమా నాయనా?" అని నవ్విరి.

ఆ దినము నుండి "వెనుదిరిగి చూడకుము" అను నియమమును గూర్చి మేము చాల ఆలోచించితిమి. స్వామి చూడవలదన్నది దేనిని? ఆనందవల్లి వెనుదిరిగి చూచినది తనకంటె బలహీనుడైన వానిని కాదు. వెనుక వచ్చుచున్నవాడు సాక్షాత్తు పరమేశ్వరుడు. ఆయన వచ్చునో రాడో, ఆ ధ్వని యేమో యను భయసందేహములతో చూచినది. భగవంతుని మాట యందు సందేహముతో వెనుదిరుగరాదని ఆ నియమమునకు అర్థము. తోటివాడు వచ్చుచున్నాడా, పడిపోయినాడా యని వెనుదిరిగి చూచుట నియమభంగము కాదు, ధర్మము. మేము తలక్రిందులుగా చేసితిమి. చూడవలసిన వానిని చూడక, స్వామి నియమమును పాటించితిమని మురిసితిమి. మజ్జిగ చెంబుతో కూర్చున్న ఆ ముసలమ్మ ఏ పురాణమును చదివినది కాకపోవచ్చును. ఆ కొండ యొక్క ధర్మము మాకంటె ఆమెకే బాగుగ తెలిసినది.

నడచువారికి కొన్ని సూచనలు

కార్తికము నుండి మాఘము వరకు ఈ నడకకు అనువైన కాలము. వేసవిలో ఈ ప్రాంతపు ఎండ మిక్కిలి తీవ్రము. తప్పనిసరియైనచో చీకటితో బయలుదేరి, ఎండ ముదురక మునుపే దిగవలెను. ఒక్కొక్కరు ఎవరి నీరు వారే వెంట నుంచుకొనుడు. ఒకే సంచిలో పెట్టకుడు. మా అనుభవము మీరు వింటిరి.

ఉపవాసముతో ఎక్కవలెనను కోరిక పలువురకు కలదు. ఆరోగ్యవంతులకు అభ్యంతరము లేదు. మధుమేహమునకు మందులు వాడువారు మాత్రము ఖాళీ కడుపుతో ఎక్కరాదు. రక్తములో చక్కెర పడిపోయి స్పృహ తప్పు ప్రమాదము కలదు. పాలో, పండో స్వీకరింపుడు. అట్లే చెప్పులు లేకుండ నడచుట మన సంప్రదాయము. అన్నమాచార్యులు బాల్యమున తిరుమల కొండ యెక్కుచు మోకాళ్ళమెట్టు కడ సొమ్మసిల్లగా, అలమేలుమంగమ్మ ముదుసలి రూపమున వచ్చి, చెప్పులు విడువుమని చెప్పి, ప్రసాదము తినిపించినట్లు వారి మనుమడు చిన్నన్న వ్రాసిన చరిత్ర వలన తెలియుచున్నది. ఆ భావమునకు నమస్కారము. అయితే మధుమేహము వలన పాదములలో స్పర్శ తగ్గినవారికి చిన్న ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. గాయము ముదిరి పాదమునకే ముప్పు రావచ్చును. అట్టివారు మెట్లపై పాదరక్షలతో నడచి, ఆలయ ప్రాంగణమున విడిచినచో స్వామి కోపింపడు. ఆ కథలోని తల్లి సైతము ముందు చూచినది బిడ్డ ఆకలినే కదా!

దిగుట సులభమని తలపకుడు. ఎక్కునప్పుడు గుండె శ్రమించును, దిగునప్పుడు తొడలును మోకాళ్ళును శ్రమించును. మరునాడు కలుగు నొప్పులలో ఎక్కువ పాలు దిగుట వలననే. చిన్న అడుగులు వేయుచు, అవసరమైనచో చేతికఱ్ఱ ఊతగా గొని దిగుడు. ఛాతీలో బిగువు, ఎడమ చేతిలోనో దవడలోనో నొప్పి, తల తిరుగుట, చల్లని చెమట – వీనిలో ఏది కలిగినను ఆగి కూర్చుండి, వెంటనున్న వారికి చెప్పుడు. 108కి ఫోను చేయుటకు సంకోచింపకుడు. మ్రొక్కు మిగిలిపోవునను భయము వలదు. ఎక్కలేనన్న భక్తురాలి కొరకు దిగివచ్చిన స్వామి ఆయన.

పాత కోటయ్య గుడివైపు పోవువారు ఒంటరిగా పోవలదు. జనసంచారము తక్కువ. కోతులకు ఆహారము చేతినుండి పెట్టకుడు. అలవాటు పడినచో తరువాత వచ్చు పిల్లల చేతి సంచులు లాగును. ప్లాస్టిక్ కవర్లను, సీసాలను మీ వెంటనే తిరిగి తెచ్చుకొనుడు. కొండయే స్వామి రూపమని మ్రొక్కి, ఆ రూపము మీదనే చెత్త వేయుట ఎట్టి పూజ?

ముగింపు

ఆ యువకుడు మరల కనబడినచో ఇట్లు చెప్పుదుము. నాయనా, పైనున్న స్వామి నడచినవానికిని, బండిలో వచ్చినవానికిని ఒకే దర్శనమిచ్చును. నడక యొక్క ఫలము గర్భగుడిలో పంచిపెట్టునది కాదు. అది దారిలోనే లభించును. నీ ఊపిరి ఎంతయో, నీ బలము ఎక్కడ ముగియునో, నీ ప్రక్కవాడు ఎంత వెనుకబడినాడో – ఈ మూడును బండిలో కూర్చున్నవానికి తెలియవు. ఓపిక యున్న వయస్సులో ఏడాదికొక్కసారియైనను నడచి యెక్కుము. వెనుక ఎవరు వచ్చుచున్నారో చూచుకొనుచు ఎక్కుము. మీ తల్లిదండ్రులు నడువలేనిచో వారిని బండిలో పంపి, నీవు నడచి వారిని కలిసికొనుము. ఏదో ఒకనాడు నీకును బండి యెక్కవలసిన దినము వచ్చును. ఆ దినమున సిగ్గుపడకుండ "చేదుకో కోటయ్యా" అని పిలుచుటకు ఈనాటి నడకయే నీకు అభ్యాసము.

త్రికోటేశ్వరస్వామి మనలనందరిని చేదుకొనుగాక!

శుభమస్తు.